ఒత్తు పోయిన అక్షరం

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన కార్యదర్శి గారు ఫోను చేసినప్పుడు, "నాకేం తెలుసండీ, ముప్పై నాలుగేళ్లూ కంప్యూటరు గదిలోనే గడిపినవాణ్ణి" అన్నాను. "అయితే ఆ గది చరిత్రే రాయండి" అన్నారాయన. అదంతా రాస్తే ఈ సంచిక చాలదు. అందుకని అక్కడ చేసిన ఒక్క పని గురించే రాస్తాను. గీతలతో గీసిన అక్షరాన్ని చుక్కల అక్షరంగా మార్చే పని అది. చూడబోతే చిన్న పనే. కానీ అందులో నేను చేసిన పొరపాటు వల్ల ఒక పెద్దావిడ మూడుసార్లు ఆఫీసు మెట్లెక్కి దిగవలసి వచ్చింది.

నేను 1974లో కార్డులకు చిల్లులు కొట్టే పనిలో చేరాను. అప్పటి మా లైన్ ప్రింటరుకు ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలు తప్ప మరేమీ రావు. తెలుగులో జాబితా కావాలంటే అచ్చాఫీసుకు పంపవలసిందే. అక్కడ కంపోజిటర్లు సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చేవారు. పన్నెండు పాయింట్ల అక్షరాలు ఒక సొరుగులో ఉంటే, పద్ధెనిమిది పాయింట్లవి మరో సొరుగులో ఉండేవి. ఒక సైజు అక్షరాన్ని సాగదీసి ఇంకో సైజు చేయడం ఎవరి తరమూ కాదు.

కంప్యూటరులో మొదట వచ్చిన చుక్కల అక్షరాలదీ ఇదే తీరు. గళ్ల కాగితం తీసుకుని, కొన్ని గళ్లు నింపి, కొన్ని వదిలేస్తే అక్షరం ఆకారం వస్తుంది గదా, దాన్నే బిట్‌మ్యాప్ ఫాంటు అంటారు. ప్రింటరుకు అర్థమయ్యేది అంతే: ఇక్కడ చుక్క పెట్టు, అక్కడ పెట్టకు. సైజు మారితే గళ్లన్నీ మళ్లీ నింపుకోవలసిందే.

ఈ ఇబ్బందికి విరుగుడు వేర్వేరు చోట్ల నుంచి వచ్చింది. ఫ్రాన్సులో రెనో కార్ల కంపెనీ ఇంజనీరు పియర్ బెజియే 1960 దశకంలో కారు ఒంపులను లెక్కల్లో చెప్పే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. నాలుగు బిందువులు చెబితే చాలు, వాటి నుంచి ఒక వంపుగీత పుడుతుంది. అలాంటి గీతలతోనే తరువాత అక్షరాల అంచులు గీశారు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆచార్యులు డొనాల్డ్ నూత్ 1977లో తన పుస్తకం రెండో సంపుటం కొత్త ముద్రణకు వచ్చిన ప్రూఫులు చూసి, ఆ అచ్చు నచ్చక, అక్షరాల పని తానే చేసుకోవాలని కూర్చున్నారు. అలా వచ్చిందే మెటాఫాంట్. అక్షరం బొమ్మను కాక, కలం ఏ దారిన నడవాలో అందులో రాసి పెడతారు. అందులోంచి ఏ సైజుకు కావలసిన చుక్కలు ఆ సైజుకు తీసుకోవచ్చు.

1985లో లేజర్‌రైటర్ ప్రింటరు అంగుళానికి 300 చుక్కలతో వచ్చింది. అందులో అడోబీ వారి పోస్ట్‌స్క్రిప్ట్ ఉండేది. 1991లో ఆపిల్ సంస్థ ట్రూటైప్ అక్షరాలు తెచ్చింది. 1992లో విండోస్ 3.1తో అవి మామూలు కంప్యూటర్లకూ చేరాయి. ఇవన్నీ గీతల అక్షరాలే. 1990 దశకం తొలినాళ్లలో అమెరికాలోని మన తెలుగువాళ్లు కూడా ఊరుకోలేదు. మెటాఫాంట్‌లో తెలుగు అక్షరాలు గీశారు. ఇంగ్లీషు లిపిలో తెలుగు రాసే పద్ధతి ఒకటి రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టి, ఆ విశ్వవిద్యాలయం పేరుతోనే వాడుకలోకి వచ్చింది.

అయితే గీతలు ఎంత బాగున్నా, చివరకు కాగితం మీద పడేది చుక్కలే. ఆ మార్పు చేసే ప్రోగ్రాములను కమాండ్ లైన్ నుంచి నడిపేవాళ్లం. అంటే మౌసూ లేదు, బొమ్మలూ లేవు. నల్లని తెర మీద ఆజ్ఞ టైపు చేసి ఎంటర్ కొట్టడమే. మెటాఫాంట్‌కు రెండు ఆజ్ఞలు కావాలి. మొదటిది చుక్కలు తీస్తే, రెండోది వాటిని కుదించి చిన్న ఫైలు చేస్తుంది. ట్రూటైప్‌కు 'టీటీఎఫ్‌టూబీడీఎఫ్' అనే ఉచిత ప్రోగ్రాము ఉండేది. దాని పేరు టైపు చేసి, 'పి' అన్న గుర్తు తరువాత పాయింట్ల సంఖ్య, 'ఆర్' అన్న గుర్తు తరువాత అంగుళానికి ఎన్ని చుక్కలో ఆ సంఖ్య, చివర ఫాంటు ఫైలు పేరు ఇవ్వాలి. రెప్పపాటులో అక్షరాలన్నీ చుక్కలైపోయేవి.

లెక్క సులువే. అంగుళానికి 72 పాయింట్లు. కాబట్టి పన్నెండు పాయింట్లంటే అంగుళంలో ఆరో వంతు. లేజరు ప్రింటరులో దానికి 50 చుక్కలు వస్తాయి. మా డాట్ మాట్రిక్స్ ప్రింటరులో నిలువునా అంగుళానికి 72 చుక్కలే గనుక పన్నెండే వస్తాయి. ఆ పన్నెండు చుక్కల ఎత్తులోనే తలకట్టు, గుడి, కింద ఒత్తు, అన్నీ ఇమడాలి.

1997లో మా ఆఫీసులో కుటుంబ పింఛనుదారుల జాబితా తెలుగులో తీయమన్నారు. నేను మొదట పదహారు పాయింట్లలో తీశాను. పదకొండు అంగుళాల కాగితానికి 49 వరుసలు పట్టాయి. పన్నెండుకు తగ్గిస్తే 66 పడతాయని లెక్క కట్టాను. కాగితం ఆదా అయిందని పైవాళ్లు మెచ్చుకున్నారు కూడా. కొత్త చుక్కలను నేను ఒక్క పేజీలోనే చూశాను, అదీ పైపైన.

పదిహేను రోజుల తరువాత ఒక పెద్దావిడ మా గది గుమ్మంలో నిలబడ్డారు. భర్త మా ఆఫీసులోనే డ్రైవరుగా పనిచేసి పోయారు. రెండు బస్సులు మారి రావాలి ఆవిడ. కౌంటరులో, "జాబితాలో పేరు వేరు, మీ కాగితంలో పేరు వేరు, సరిచేయించుకు రండమ్మా" అని రెండుసార్లు తిప్పి పంపారట. మూడోసారి ఎవరో మా గది చూపించారు. ఆవిడ జాబితా నకలు నా ముందు పెట్టి, "బాబూ, నా పేరులో ఒత్తు ఏమైంది?" అన్నారు.

చూశాను. 'ధ' ఉండవలసిన చోట 'ద' ఉంది. పేజీలు తిరగేస్తే గుండె జారిపోయింది. ప్రతి 'ధ'కూ అదే గతి. 'ఛ' కూడా 'చ' అయిపోయింది. జాబితా పైన పెద్ద మకుటంలో పింఛను అని సరిగ్గానే ఉంది. లోపల చిన్న అక్షరాల్లో అంతటా 'పించను' అని ఉంది.

కారణం ఆ రాత్రి కూర్చుంటే గానీ తెలియలేదు. గీతల అక్షరాన్ని గళ్ల కాగితం మీద పరిచినప్పుడు, ఏ గడి నడిబొడ్డు గీతల లోపల పడుతుందో ఆ గడికే చుక్క వస్తుంది. సన్నని ఒత్తు రెండు గళ్ల నడిబొడ్డులకు మధ్యగా పోతే ఏ గడికీ చుక్క రాదు. 50 చుక్కలున్నప్పుడు ఈ బాధ ఉండదు. పన్నెండే ఉంటే ఒత్తు కాస్తా మాయమవుతుంది. చిన్న సైజులో ఇలా జరగకుండా ఫాంటులోనే సూచనలు రాసి పెట్టవచ్చు. మా దగ్గరున్న ఫాంటులో అవి లేవు. అయినా తప్పు ఫాంటుది అనలేను. ప్రోగ్రాము చెప్పిన పని చెప్పినట్టు చేసింది. సరిచూడవలసినవాణ్ణి నేను.

అదృష్టవశాత్తూ ఆ చుక్కల ఫైలు మామూలు అక్షరాల్లో ఉంటుంది, ఎవరైనా తెరిచి చదవవచ్చు. ఒక్కో వరుసకు రెండు అంకెలు. 'ధ' దగ్గరకు వెళ్లి అడుగున రెండు వరుసలు చేర్చి, ఒక్కో వరుసలో 10 అని వేశాను. ఆ లెక్కలో 10 అంటే ఎనిమిది గళ్లలో ఎడమ నుంచి నాలుగో గడికి చుక్క. ఎత్తును 8 నుంచి 10కి పెంచి, మొదలయ్యే చోటును రెండు చుక్కలు కిందికి దించాను. తరువాత 'ఛ', 'ఢ', 'ఫ', 'భ' వరుసగా చూశాను. పని పూర్తయ్యేసరికి తెల్లవారింది. పదహారు పాయింట్లలోనే మళ్లీ తీస్తే ఈ తంటా ఉండేది కాదు. కానీ అప్పటికే పన్నెండు పాయింట్ల నమూనా ఖాయమై పోయింది.

మర్నాడు కొత్త పేజీ తీసి, ఆవిడ వచ్చినప్పుడు చేతికిచ్చాను. కళ్లద్దాలు సర్దుకుని తన పేరు కింద వేలు పెట్టి చదువుకున్నారు. "ఇది నేనే" అన్నారు. నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేదనిపించింది.

ఆ తరువాత 2008లో రిటైరయ్యేదాకా, కొత్త సైజుకు చుక్కలు తీసినప్పుడల్లా వర్ణమాల మొత్తం, అన్ని ఒత్తులతో సహా, ఒక కాగితం మీద తీసి భూతద్దం పెట్టి చూశాకే జాబితా మొదలుపెట్టేవాణ్ణి. నా తరువాత వచ్చిన కుర్రవాళ్లకు కూడా ఆ అలవాటు చేశాను.

ఇప్పుడు మన చేతిలో ఫోను కూడా ఇదే పని చేస్తోంది. మనుమరాలు రెండు వేళ్లతో అక్షరాలను పెద్దవి చేసినప్పుడల్లా గీతల నుంచి కొత్త చుక్కలు పుడతాయి. చాలా ఫోన్లలో అంగుళానికి 400కు పైగా చుక్కలుంటాయి గనుక ఒత్తు ఎక్కడికీ పోదు. కమాండ్ లైన్ కూడా పోలేదు. లినక్స్ యంత్రం లేచేటప్పుడు కనిపించే గ్రబ్ పట్టికకు అక్షరాలు కావాలంటే, నేటికీ ఒక ఆజ్ఞతో గీతల ఫాంటును చుక్కల ఫాంటుగా మార్చుకోవచ్చు.

మిత్రులకు ఒక్క మనవి. ఏ జాబితాలోనైనా మీ పేరు కనబడగానే, ఉంది గదా అని ఊరుకోకండి. ఒత్తులు కూడా చూసుకోండి. ఆ గదిలో కూర్చున్నవాడు మంచివాడే అయి ఉండవచ్చు, కానీ ఆ రోజు కాగితం ఆదా చేస్తూ ఉండవచ్చు.