కౌంటీ అభిమానము

ఐర్లండు దేశమున కర్రతో బంతినాడెడి హర్లింగు, గేలిక్ ఫుట్‌బాలు అభిమానులు కూడినచో ప్రసంగము తమ కౌంటీ జట్టును గూర్చియే. కౌంటీ యనగా మన జిల్లా వంటిది. ఎల్లలు గీచినది ఆంగ్లేయ పాలన. వానికి ప్రాణము పోసినది ఆట.

1884 నవంబరు 1న థర్లెస్ పట్టణమున వెలసిన గేలిక్ క్రీడాసంఘము పోటీలను కౌంటీలవారీగా నడిపినది. ఆటగాండ్రకు జీతము లేదు. ఊరి రైతో, బడిపంతులో బరిలోనికి దిగును.

రేడియోవారమగు మాకు 1926 ఆగస్టు 29 స్మరణీయము. నాడు గాల్వే, కిల్కెన్నీ జట్ల హర్లింగు పోటీని డబ్లిను కేంద్రము మైదానమునుండియే వినిపించినది.

1914లో అఖిల ఐర్లండు హర్లింగు విజేతయైన క్లేర్ కౌంటీ మరల గెలిచినది 1995లో. 81 ఏండ్లు! అంతకాలమును అభిమానులు వేరు జట్టును కోరలేదు. పుట్టిన నేలను మార్చుకొనుట యెట్లు?