బంగారం పోయింది, దిబ్బలు మిగిలాయి

బెంగళూరు కబ్బన్ పార్కు పక్కన ఉన్న లావెల్లె రోడ్డుకు ఆ పేరు మైకేల్ ఫిట్జెరాల్డ్ లావెల్లె వల్ల వచ్చింది. ఐర్లండ్‌లో పుట్టి, సైన్యంలో చేరి, న్యూజిలాండ్ మావోరీ యుద్ధంలో పనిచేసి, చివరికి బెంగళూరు కంటోన్మెంటులో స్థిరపడ్డాడు. 1871లో ఎడ్లబండి కట్టించుకుని కోలారు దారి పట్టాడు. రెండేళ్లకు మైసూరు ప్రభుత్వానికి తవ్వకాల కోసం అర్జీ పెట్టుకున్నాడు. బంగారం గిట్టుబాటు కాదు, కావాలంటే బొగ్గు వెతుక్కోమని అధికారులు చెప్పారంటారు. లావెల్లె పట్టు విడవలేదు. 1875లో బంగారం తవ్వుకోవడానికే ఇరవై ఏళ్ల లీజు సంపాదించాడు.

అతనికి ఆ ఆశ కలిగించింది అంతకు డెబ్బై ఏళ్ల ముందటి ఒక నివేదిక. టిప్పు సుల్తాన్ పతనం తర్వాత మైసూరు సరిహద్దులు కొలవడానికి వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్, 1802లో కోలారు ప్రాంతపు రైతులు మట్టి కడిగి బంగారు రేణువులు తీయడం కళ్లారా చూశాడు. సుమారు 56 కిలోల మట్టి కడిగితే ఒక గ్రెయిన్, అంటే 65 మిల్లీగ్రాముల బంగారం వస్తుందని లెక్క కట్టాడు. కోలారు కథలో అసలు విషయం ఆ లెక్కలోనే ఉంది. ఇసుమంత బంగారం చేతికి రావాలంటే కిలోలకొద్దీ మట్టిని ఎక్కడో ఒకచోట పారబోయాలి.

1880 తర్వాత లండన్‌కు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ రంగంలోకి దిగడంతో కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ (కె.జి.ఎఫ్.) రూపు మారిపోయింది. 1902లో శివనసముద్రం నుంచి 147 కిలోమీటర్ల తీగ లాగి గనులకు కరెంటు తెచ్చారు. బెంగళూరు వీధుల్లో విద్యుద్దీపాలు వెలిగింది ఆ తర్వాత మూడేళ్లకు. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి, ప్రపంచంలోకెల్లా లోతైన గనుల్లో ఒకటైంది. ఉత్తర ఆర్కాటు, చిత్తూరు వైపు నుంచి తమిళ, తెలుగు కూలీలు వేలాదిగా వచ్చి, లైన్లు అనే వరుస ఇళ్లలో కాపురాలు పెట్టారు. నూటఇరవై ఏళ్లలో ఇక్కడ తీసిన బంగారం సుమారు 800 టన్నులు. అందుకోసం పిండి చేసిన రాయి దాదాపు 5 కోట్ల టన్నులు.

ఆ పిండే ఇప్పుడు దిబ్బలై నిలబడింది. రాతిని మిల్లులో పొడి చేసి, సైనైడ్ ద్రావణంతో బంగారాన్ని కరిగించి లాగాక, మిగిలిన బురదను ఊరి పక్కనే పోశారు. జనం వాటిని సైనైడ్ దిబ్బలంటారు. కె.జి.ఎఫ్. సినిమా చూసినవాళ్లకు ఆ బూడిదరంగు నేల తెలిసిందే. అక్కడి మట్టిని చేత్తో నలిపితే గోధుమపిండిలా జారిపోతుంది. వానకు దిబ్బలకు గండ్లు పడతాయి, గాలి తోలితే దుమ్ము ఇళ్లమీదికి లేస్తుంది. సైనైడ్ ఎండకూ గాలికీ క్రమంగా విరిగిపోతుంది గానీ, రాతిలోంచి వచ్చిన ఆర్సెనిక్ ఎక్కడికీ పోదు. గంధక ఖనిజాలు నీటితో, గాలితో కలిసి ఆమ్లమవుతాయి. పైగా ఆ పొడిలో సేంద్రియ పదార్థం లేదు, నత్రజని లేదు. విత్తనం పడినా మొలక నిలదొక్కుకోవడం కష్టం.

నిజానికి భూమిని కనిపెట్టి చూడడం కె.జి.ఎఫ్.కు కొత్త విద్య కాదు. లోతు పెరిగేకొద్దీ ఒత్తిడికి బండలు ఉన్నట్టుండి పేలి మనుషులను పొట్టన పెట్టుకునేవి. రాక్ బర్స్ట్ అనే ఆ మాట ప్రతి గని కుటుంబానికీ తెలుసు. అందుకే భూకంప లేఖినులు పెట్టి ప్రతి అదురూ నమోదు చేశారు. 1988లో జాతీయ శిలా యాంత్రిక సంస్థ ఇక్కడే పుట్టింది. గనులు మూతపడ్డాక సొరంగాల్లోకి నీరు ఊరి నిండుతుంటే నేల మళ్లీ అదిరింది. ఆ అదురులనూ ఈ సంస్థ నమోదు చేసింది. లోపలి బండ మీద ఇంత నిఘా పెట్టినవాళ్లు పైన పోసిన దిబ్బల మీద అందులో సగమైనా పెట్టి ఉంటే, లైన్లలో పిల్లలు ఆ దుమ్ము పీల్చే అవస్థ కొంతైనా తప్పేది.

చివర్లో ఈ గనులను నడిపిన ప్రభుత్వ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ 2001 ఫిబ్రవరి 28న పని ఆపింది. చిత్తూరు జిల్లాలో కుప్పం దగ్గర ఆ సంస్థకే ఉన్న బిసానత్తం, చిగురుగుంట గనులూ మూతపడ్డాయి. మూసేటప్పుడు నేలను ఎలా అప్పజెప్పాలో ముందే ప్రణాళిక రాసి, పూచీ సొమ్ము కట్టాలన్న నియమం బొగ్గేతర గనులకు వచ్చింది 2003లో. బొగ్గు గనులకు 2009లో. ఓపెన్‌కాస్ట్ అయితే హెక్టారుకు ఆరు లక్షలు, భూగర్భ గని అయితే లక్ష చొప్పున ఎస్క్రో ఖాతాలో వేయాలని అప్పటి బొగ్గు శాఖ మార్గదర్శకాలు చెప్పాయి. సింగరేణి బొగ్గు గనుల్లో మట్టిగుట్టల మీద మొక్కలు నాటే పనికి నేడు అలాంటి దన్ను ఉంది. కోలారు గని మూతపడింది ఆ రెండు నియమాలకూ ముందు.

చేయాల్సిన పని తెలియనిదేమీ కాదు. దిబ్బ వాలును మెట్లుగా కోసి, వాననీటికి కాలువలు తీసి, పైన మంచి మట్టి పరిచి, ముందు గడ్డినీ తర్వాత నత్రజని పట్టే చెట్లనూ పెంచాలి. చుట్టుపక్కల బోర్ల నీటిలో ఆర్సెనిక్, గాలిలో దుమ్ము క్రమం తప్పకుండా కొలవాలి. అదీ ఏడాదో రెండేళ్లో కాదు, దశాబ్దాల తరబడి. పైగా ఇది పాలారు పరీవాహక ప్రాంతం. ఆ నది ఇక్కడినుంచి ఆంధ్ర దాటి తమిళనాడుకు పోతుంది.

2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం వెయ్యి ఎకరాలకు పైగా విస్తీర్ణంలో ఉన్న 13 దిబ్బల్లో మిగిలిన బంగారం తీయడానికి సమ్మతించింది. వాటిలో ఉన్న మట్టి 3 కోట్ల టన్నుల పైమాటే. టన్నుకు దక్కేది గ్రాములోపే ఉంటుంది గనుక తీశాకా అంత మట్టీ మిగిలే ఉంటుంది. దాన్ని ఈసారి ఎక్కడ పోస్తారు, పైన ఏం కప్పుతారు, బోర్ల నీటి పరీక్ష ఫలితాలను కె.జి.ఎఫ్.లోని రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట జనం ముందు ఎవరు పెడతారు, అందుకు సొమ్ము ఏ ఖాతాలో ఉంటుంది? మొదటి లారీ కదలకముందే ఈ నాలుగింటికీ జవాబు ఒప్పందంలో రాసి ఉండాలి.