ఆంటీకి కనిపించింది నా వీపే

2008లో ఆన్‌సైట్ నుంచి వస్తూ వస్తూ ఒక డీఎస్ఎల్ఆర్ కొనుక్కొచ్చా. కెమెరా కొన్న ప్రతి సాఫ్ట్‌వేరు వాడిలాగే నేనూ ఫోటోగ్రాఫర్‌ని అయిపోయాననుకున్నా. ఆ ఊపులోనే మా టీంలో క్యాథలిక్ మిత్రుడి పెళ్లికి "ఫోటోలు నేను తీస్తాలేరా" అని మాటిచ్చేశా. మన మండపాల్లో ఫోటోగ్రాఫర్ పంతులుగారిని ఆపి మరీ, తాళి ఇంకోసారి పట్టుకుని చూపించమంటాడు కదా, గుళ్లోనూ అంతే అనుకుని పీఠం మెట్ల దాకా వెళ్లి ఫ్లాష్ కొడుతూనే ఉన్నా. విందులో వాళ్లమ్మగారు నవ్వుతూనే అన్నారు: "మావాడు మాటిచ్చేటప్పుడు మొహం చూద్దామనుకున్నా బాబూ, నీ వీపే కనిపించింది."

ఆ మాట ఎంత పెద్దదో తర్వాత చదివితే గానీ తెలీలేదు. రోమన్ క్యాథలిక్కుల లెక్కలో పెళ్లి అనే దివ్యసంస్కారాన్ని ఇచ్చేది ఫాదర్‌గారు కాదు, వధూవరులే ఒకరికొకరు ఇచ్చుకుంటారు. ఆయన సంఘం తరఫున వాళ్ల సమ్మతి అడిగి స్వీకరిస్తారంతే. దొంగచాటు పెళ్లిళ్లు ఆపడానికి 1563లో ట్రెంట్ మహాసభ గురువూ, కనీసం ఇద్దరు సాక్షులూ ఉండి తీరాలంది. అంటే ఆ అరనిమిషం నోటితో పలికిన మాటే పెళ్లి. ఉంగరాలూ, మనవాళ్లు కట్టే తాళీ ఆ తర్వాతే. సరిగ్గా ఆ అరనిమిషం నేను అడ్డంగా నుంచున్నా.

ఇంతకీ పెళ్లిని ఆపి ఫోటో తీసే అలవాటు ఎక్కడిది? 1839లో ఫోటోగ్రఫీ లోకానికి తెలిసింది కానీ, ఆ కెమెరాలకి చీకటి గుడి లోపల కదిలే మనుషులు చిక్కేవాళ్లు కాదు. అందుకని జంట పెళ్లి బట్టల్లో స్టూడియోకి వెళ్లి బిగుసుకుని నుంచునేది. 1887లో ఫ్లాష్ పౌడర్ వచ్చింది, వెలుగుతో పాటు పొగ కూడా! 1925లో లైకా మార్కెట్లోకొచ్చింది. 1920ల చివర్లో ఎరిక్ సాలమన్ అనే జర్మన్ యూదుడు ఎర్మనాక్స్ కెమెరాతో, ఫ్లాష్ లేకుండా, కోర్టుల్లో, దౌత్య సమావేశాల్లో జనం గమనించకుండా ఫోటోలు తీసి చూపించాడు (1944లో ఆష్‌విట్జ్‌లో నాజీలు చంపేశారాయన్ని). అంటే అడ్డం పడకుండా తియ్యడం అప్పటికే సాధ్యం. హార్డ్‌వేర్ చాలక పెట్టుకున్న వర్క్‌అరౌండ్‌ని, హార్డ్‌వేర్ మారాక కూడా ఎవరూ తీసెయ్యలేదన్నమాట. మన ప్రాజెక్టుల్లో చూడనిదా!

ఒకే ఇంట్లో రెండు పెళ్లిళ్లు నాకు భలే ఇష్టం. 1953 సెప్టెంబర్ 12న న్యూపోర్ట్ సెయింట్ మేరీస్ చర్చిలో జాన్ కెనెడీ, జాక్వెలిన్‌ల పెళ్లి. గుళ్లో దాదాపు 800 మంది, పూజ లాటిన్‌లో. టోనీ ఫ్రిసెల్ అనే ఆవిడ తీసిన ఫోటోలు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి, ఓపికుంటే చూడండి. 43 ఏళ్ల తర్వాత, 1996 సెప్టెంబర్ 21న కొడుకు పెళ్లి. జార్జియా తీరంలో ఒక దీవి, విముక్తి పొందిన నల్లజాతి బానిసలు పెట్టుకున్న చిన్న బాప్టిస్టు చెక్క గుడి, కరెంటు లేదు, కొవ్వొత్తులు, పెళ్లి చేసింది మాత్రం క్యాథలిక్ మతాధికారి. బంధువులు నలభై మందో ఎంతో. ఫోటోగ్రాఫర్ డెనిస్ రెగ్గీ, పెళ్లి ఫోటోలకి ఫోటోజర్నలిజం అనే పేరు తగిలించినవాళ్లలో ముఖ్యుడు. గుడి బయటికొస్తూ పెళ్లికొడుకు ఆమె చెయ్యి ముద్దు పెట్టుకున్న క్షణం ఆయనకి దొరికింది. ఆగమని అడిగుంటే అది ఉండేదా? 1999లో విమాన ప్రమాదంలో ఇద్దరూ పోయారు.

2011లో మా మిత్రుడి చెల్లెలి పెళ్లికి మళ్లీ నన్నే పిలిచారు (ధైర్యవంతులు!). ముందురోజే వెళ్లి ఎక్కడ నుంచోవచ్చో ఫాదర్‌గారినే అడిగా. పక్క స్తంభం దగ్గర, 85 ఎంఎం లెన్స్, ఫ్లాష్ బ్యాగులో. తాళి కట్టేటప్పుడు పెళ్లికొడుకు భుజం అడ్డొచ్చి ఆ ఫోటో రాలేదు. మొదటి వరసలో ఆంటీ కూతురి మొహమే చూస్తూ, కొంగుతో కళ్లు తుడుచుకుంటున్నారు. అది వచ్చింది.