చూసి దింపిన బొమ్మ

ఇదంతా మొదలైంది ఒక కానుకతో. పారిస్ పక్కనే ఉన్న పాసీలో మోరిసో అని ఒక పెద్ద ఉద్యోగి ఉండేవాడు. ముగ్గురు కూతుళ్ళూ తలా ఒక బొమ్మ గీసి తండ్రి చేతిలో పెడితే ముచ్చటగా ఉంటుందని తల్లికి తోచింది. 1857లో వాళ్ళని ఒక డ్రాయింగు మాస్టారి దగ్గర చేర్పించింది. ఆయన రోజూ గీతలే గీయించాడు, రంగు ముట్టుకోనివ్వలేదు. పెద్దమ్మాయి ఈవ్ విసుగొచ్చి మానేసింది. ఎడ్మా, బెర్త్ మాత్రం ఇంకో గురువు కావాలని పట్టుబట్టారు.

మన పెళ్ళిచూపుల్లో "అమ్మాయికి కుట్లూ అల్లికలూ వచ్చు" అని చెప్పుకోవడానికి పనికొచ్చే చదువే అనుకుంది కాబోలు ఆ తల్లి కూడా. కొత్త గురువు గిషార్ ఆవిడని ముందే హెచ్చరించాడు. మీ పిల్లల పట్టుదల చూస్తే ఇది కాలక్షేపంతో ఆగదు, నిజంగా చిత్రకారిణులవుతారు, మీలాంటి ఇంట అది విప్లవం, ఇంచుమించు ఉత్పాతం అన్నాడు. ఆవిడ బెదరలేదు. ఆ ఒక్కదానికీ ఆవిడకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది నాకు.

సరే, నేర్చుకోవడం ఎక్కడ? ప్రభుత్వ చిత్రకళాశాల ఎకోల్ దె బోజార్‌లో 1897 దాకా ఆడపిల్లలకి చోటు లేదు. మోడల్‌ని ఎదురుగా నిలబెట్టుకుని మనిషి శరీరం గీయడమంటే మర్యాదస్తుల ఇళ్ళల్లో తప్పు. ఇక మిగిలింది లూవ్ర్ మ్యూజియం. అక్కడ అనుమతి తీసుకుంటే గోడమీది పటాలని చూసి దింపుకోవచ్చు. ఒకరు వేసినదాన్ని మళ్ళీ వెయ్యడం అణకువ గల పని కదా, దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు!

1858లో తల్లి తోడు రాగా ఆ గదుల్లో అడుగుపెట్టారు. బెర్త్‌కి అప్పుడు 17 ఏళ్ళు. ఆమె దింపిన పటాల్లో ఒకటి వెనిస్ చిత్రకారుడు వెరొనీజ్ 1580ల్లో వేసిన శిలువ ఘట్టం. మీటరు పొడుగు, మీటరు వెడల్పు ఉంటుందంతే. మామూలుగా అయితే శిలువని మధ్యలో పెడతారు. వెరొనీజ్ మూడు శిలువల్నీ, ఏడుస్తున్న మనుషుల్నీ ఎడమ పక్కకి నెట్టేశాడు. కుడివైపంతా ఆకాశమే. కమ్ముకొస్తున్న మబ్బులు, వాటి కింద దూరంగా జెరూసలేం నగరం. శిలువ దగ్గర పసుపుపచ్చని వస్త్రం కప్పుకున్న ఒక స్త్రీ. ఆ గుంపులో ముందుగా కంటబడేది ఆ పసుపే.

చూసి దింపడంలో గొప్పేముందంటారేమో. కథలు రాసేదాన్ని కనక చెబుతున్నాను, ఇష్టమైన పేజీని చేత్తో తిరగరాసుకుంటే తప్ప అందులో మాట ఎక్కడ ఆగిందో తెలీదు. ఆ ఖాళీ ఆకాశాన్ని చేత్తో నింపితే గాని అది ఖాళీ కాదని బెర్త్‌కీ తెలిసి ఉండదు. మరో రెండేళ్ళకి వెరొనీజ్‌దే ఇంకో పటం, సీమోను ఇంటి విందు, దింపింది. తర్వాత కొరో అనే పెద్దాయన తన చిత్రాలే ఎరువిచ్చి కాపీ చేయించాడు. ఒకసారి బెర్త్ మెట్లవరసలో ఒక మెట్టు తప్పిస్తే, మళ్ళీ మొదటినుంచీ వేయించాడట!

1864లో అక్కాచెల్లెళ్ళిద్దరి చిత్రాలూ ప్రభుత్వ ప్రదర్శన సలోన్‌లో వేలాడాయి. చేయి చేయిగా నేర్చిన విద్య, ఇద్దరిలో ఎవరిది మిన్నో చెప్పలేని దశ. 1869లో ఎడ్మాకి నౌకాదళ ఆఫీసరుతో పెళ్ళయింది. కుంచె మానేసింది. భర్త మంచివాడే. అయినా పారిస్‌లోని ఆ చిత్రశాల మీద బెంగతో చెల్లెలికి ఉత్తరాలు రాసింది.

బెర్త్ మానలేదు. లూవ్ర్‌లోనే 1868లో మానే పరిచయమయ్యాడు, 1874లో ఆయన తమ్ముణ్ణే చేసుకుంది. అదే ఏడు ఇంప్రెషనిస్టుల మొదటి ప్రదర్శనలో మగవాళ్ళ మధ్య నిలబడింది. అక్కడ పెట్టిన చిత్రాల్లో "ఉయ్యాల" ఒకటి. పల్చటి తెర వెనక పసిపాప, పక్కన చెంపకి చెయ్యి చేర్చుకుని చూస్తున్న తల్లి. ఆ తల్లి ఎడ్మాయే.

1895లో బెర్త్ పోయినప్పుడు మరణపత్రంలో వృత్తి అన్నచోట "ఏమీ లేదు" అని రాశారు. "ఉయ్యాల"ని 1930లో లూవ్ర్ కొంది. తాము పక్కపక్కన నిలబడి బొమ్మలు దింపుకున్న చోటికే ఎడ్మా మళ్ళీ వచ్చింది, ఈసారి గోడమీదికి.