దగ్గితే మూత్రం లీకవుతోందా? ఆపరేషన్ కంటే ముందు ఈ వ్యాయామం!

దగ్గినా, తుమ్మినా, బిందె ఎత్తినా మూత్రం చుక్కలు పడుతున్నాయా? కాన్పుల తర్వాత చాలామంది ఆడవాళ్లకు వచ్చే సమస్యే ఇది. చివ్వెంల లాంటి చోట్ల నాట్లకు, పత్తి తీతకు వెళ్లేవాళ్లు ఎవరికీ చెప్పుకోలేక నీళ్లు తాగడమే తగ్గిస్తుంటారు. ఎండలో అది ఇంకా ముప్పు.

డాక్టర్లు ముందుగా చెప్పేది కెగెల్ వ్యాయామం. 1948లో అమెరికా డాక్టర్ ఆర్నాల్డ్ కెగెల్ దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. గ్యాస్ బయటికి రాకుండా ఆపుకున్నట్లు కింది కండరాలను బిగించి, కొన్ని సెకన్లు ఉంచి వదలాలి. పొట్ట, తొడలు బిగించొద్దు.. ఊపిరి ఆపొద్దు. పూటకు 8 సార్లు, రోజుకు 3 పూటలు. వారంలో తగ్గలేదని మానేయకండి, కనీసం 3 నెలలు పడుతుంది. మూత్రానికి వెళ్లినప్పుడు మాత్రం మధ్యలో ఆపుతూ చేయకూడదు.

మంట, రక్తం కనిపిస్తే సూర్యాపేట ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో చూపించుకోండి.