మత్తుమందు - దేహోష్ణం: ‘శీతలం’ అనే మాట చరిత్ర

శస్త్రచికిత్సలో నొప్పి తెలియకుండా మందివ్వడం నవీన యుగపు కల్పన అని పలువురి అభిప్రాయం. చరిత్ర దీనిని సమర్థించదు. ఇబ్నె సీనా (980-1037) తన ‘అల్ ఖానూన్ ఫిత్తిబ్’లో నల్లమందు, ఖురాసానీ వాము వంటి వాటిని స్పర్శను పోగొట్టే మందులుగా పేర్కొన్నారు. అవి అతిశీతల గుణం వల్లనో, విషగుణం వల్లనో నొప్పిని అణచుతాయని వివరించారు. నల్లమందు మిజాజు నాలుగవ దర్జా శీతలం. అది ఆఖరి దర్జా, అనగా ప్రాణాపాయకరం. మంచును, చల్లని నీటిని కూడా ఆయన ఇదే కోవలో చేర్చారు.

మత్తుమందు రోగి దేహాన్ని చల్లబరుస్తుందన్నది నేడు రుజువైన సంగతి. మెదడులోని ఉష్ణ నియంత్రణ కేంద్రం మందు ప్రభావంతో మందగిస్తుంది. చర్మంలోని రక్తనాళాలు వ్యాకోచించి, దేహం లోపలి వేడి కాళ్లకు, చేతులకు పాకుతుంది. మొదటి గంటలోనే లోపలి ఉష్ణోగ్రత 1 నుండి 1.5 డిగ్రీల సెల్సియస్ వరకు పడిపోతుంది. కండరాలను సడలించే మందు ఇచ్చినందున వణకి వేడి పుట్టించుకునే శక్తి కూడా రోగికి ఉండదు. ఇది స్వల్ప విషయం కాదు. పెద్దప్రేగు శస్త్రచికిత్స పొందిన 200 మందిపై జరిగిన పరిశీలన 1996లో ప్రకటితమైంది. దేహం చల్లబడిన వారిలో నూటికి 19 మందికి గాయం చీము పట్టగా, వెచ్చగా ఉంచిన వారిలో ఆరుగురికే పట్టింది.

అయితే, ఇబ్నె సీనా ఈ విషయాన్ని ముందే చెప్పారనడం న్యాయమా? కాదు. ఆయన చెప్పిన ‘బారిద్’ మిజాజుకు సంబంధించిన మాట. ఉష్ణమాపకం చూపే చలి కాదు. వైద్యుని చేతికి ఉపయోగకరమైన ఉష్ణమాపకం వచ్చింది 19వ శతాబ్దంలోనే. పైగా మందులన్నీ చల్లబరచవు. 1960లో మెల్‌బోర్న్‌కు చెందిన డెన్‌బరో, లోవెల్ అనే వైద్యులు ఒక యువకుని ఉదంతం ప్రకటించారు. అతని బంధువులు పదిమంది ఈథర్ మత్తులో మరణించారు. వంశపారంపర్య లోపం గలవారికి హాలోథేన్ వంటి మందులిస్తే దేహం కొలిమిలా కాగిపోతుందని తేలింది. తరువాత డాంట్రోలీన్ అనే విరుగుడు లభించింది.

గౌరవనీయుల నిర్ణయాలు సైతం పరీక్షకు అతీతం కావనడానికి హైదరాబాదే నిదర్శనం. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆదరణతో, సర్జన్ ఎడ్వర్డ్ లారీ పూనికపై 1888, 1889లలో రెండు క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. శ్వాసను కనిపెట్టి ఉంటే చాలు, గుండెకు నేరుగా ముప్పు లేదని అవి తీర్మానించాయి. క్లోరోఫాం గుండెనే హఠాత్తుగా ఆపగలదని 1911లో లెవీ ప్రయోగాలు చూపాయి.

పూర్వుల ఘనత వారు చెప్పని దానిని వారికి అంటగట్టడంలో లేదు. నొప్పిని పోగొట్టే మందే ప్రాణం తీయగలదని ఇబ్నె సీనా హెచ్చరించారు. ఆ హెచ్చరిక వేయి సంవత్సరాల తరువాత కూడా నిలిచి ఉంది. ఆయన గౌరవానికి అది చాలు.