తివాచీ కోసం రాసిన చట్టం, స్మార్ట్‌ఫోన్ మీద పడింది

ఇవాళ టాపిక్ పేటెంట్లు. స్కిప్ చెయ్యకండి, ఈ కథ మొదలయ్యేది ఆరు సెంట్లతో, వెళ్ళేది వంద కోట్ల డాలర్ల దాకా.

అమెరికాలో హార్ట్‌ఫర్డ్ అనే తివాచీల కంపెనీ ఉండేది. మా డిజైన్ కాపీ కొట్టారని డాబ్సన్ అనే వాళ్ళ మీద కేసు వేసింది. 1885లో సుప్రీంకోర్టు ఏమందంటే, కాపీ కొట్టారు సరే, వాళ్ళకొచ్చిన లాభంలో మీ డిజైన్ వల్ల వచ్చింది ఎంతో మీరు రుజువు చెయ్యలేదు కదా, అంది. పరిహారం ఆరు సెంట్లు. అవును, ఆరే! డిజైన్ల మీద బతికే వ్యాపారులు గగ్గోలు పెట్టారు. రెండేళ్ళకే, 1887లో, అక్కడి పార్లమెంటు అంటే కాంగ్రెస్ చట్టం మార్చింది. డిజైన్ కాపీ కొట్టి వస్తువు అమ్మితే, దాని మీద వచ్చిన లాభం మొత్తం కక్కాల్సిందే. వాటాల లెక్క లేదు.

నాకైతే ఆ రోజుకి అది న్యాయమే అనిపిస్తుంది. తివాచీని కొనేదే డిజైన్ చూసి. అది తీసేస్తే మిగిలేది ఉత్త మందపాటి గుడ్డ.

ఇప్పుడు 2011కి రండి. యాపిల్, శాంసంగ్ మీద కేసు వేసింది. అందులో మూడు డిజైన్ పేటెంట్లు ముఖ్యం: గుండ్రటి మూలలున్న నల్లటి ముందుభాగం, దాని చుట్టూ అంచు, స్క్రీన్ మీద వరసగా పేర్చిన ఐకాన్లు. (మన దేశంలో వీటిని పేటెంట్ అనరు. 2000 నాటి డిజైన్స్ యాక్ట్ కింద రిజిస్టర్ చేస్తారు.) 2012లో జ్యూరీ మొత్తం కేసుకి దాదాపు 105 కోట్ల డాలర్లు కట్టమంది. కోతలు పడ్డాక డిజైన్ల వాటా 39.9 కోట్ల దగ్గర నిలిచింది.

ఆ లెక్క ఎలా వేశారో చూడండి. ఫోన్ అంటే చిప్, కెమెరా, బ్యాటరీ, సాఫ్ట్‌వేర్, ఇంకా సవాలక్ష. అయినా కింది కోర్టులు తివాచీ రూలే పట్టుకున్నాయి: ఫోన్ లాభం మొత్తం. మార్చాలంటే కాంగ్రెస్‌ని అడగండి అన్నట్టు మాట్లాడింది అప్పీల్ కోర్టు.

2016 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు 8-0తో, వస్తువు అంటే ఫోన్ మొత్తమే కానక్కర్లేదు, అందులో ఒక భాగం కూడా కావచ్చు అంది. మరి ఏ భాగం? ఎలా తేల్చాలి? అది మాత్రం చెప్పలేదు. శాంసంగ్ గెలిచినట్టే కదా? 2018లో కొత్త జ్యూరీ డిజైన్లకే 53 కోట్లకు పైగా వేసింది! గెలిచాక బిల్లు పెరిగిందన్నమాట. తర్వాతి నెలలో రెండు కంపెనీలూ రాజీ పడ్డాయి, ఎంతకో బయటపెట్టలేదు.

పేటెంట్లే వద్దనేవాళ్ళతో నేను ఏకీభవించను. ఆరు సెంట్ల రోజులు మళ్ళీ వస్తే చిన్న డిజైనర్ బతకడు. శాంసంగ్ అంటారా, కట్టగలదు. కానీ ఒకే ఒక్క ఫోన్ అమ్ముకునే చిన్న కంపెనీ, ఒక్క ఐకాన్ దగ్గర దొరికితే? మొత్తం లాభం పోతుందో, కాస్త పోతుందో ముందే చెప్పగలిగే లాయర్ లేడు. అందుకే నేననేది, ఆ ఒక్క రూల్ మార్చండి. లాభంలో డిజైన్ వాటా ఎంతో లెక్క తియ్యాలి, ఆ లెక్క చూపించే బరువు కాపీ కొట్టినవాడి మీదే పెట్టాలి. చూపించలేకపోతే మొత్తం కట్టాలి.

1887లో కాంగ్రెస్‌కి రెండేళ్ళే పట్టింది. 2016 తీర్పు తర్వాత మాత్రం ‘మొత్తం లాభం’ అన్న మాట చట్టంలో అలాగే ఉంది.

వచ్చే ఎపిసోడ్‌లో 1850ల నాటి కుట్టుమిషన్ల పేటెంట్ గొడవ చెప్తా. సింగర్ పేరు మీ అమ్మమ్మని అడగండి, తెలుస్తుంది. ఉంటా మరి.